చీమ గింజలు దాచుకుంటుందా? నూటపాతికేళ్ల తగువు

పోయిన వారం గ్రూపులో వాన ముందు చీమలు గుడ్లు మోసుకుపోయే సంగతి మీద మాటలు నడిచాయి. దాని గురించి చదువుతూ పోతే మాకు ఇంకో పెద్ద కథ దొరికింది. మన లాంటి మెట్ట సీమ చీమలు యూరప్ పండితుల పుస్తకాలను దిద్దించిన కథ. కొంచెం పొడుగే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ముందు చిన్న సవరణ. చీమ నోట కనిపించే ఆ తెల్లటివి చాలాసార్లు గుడ్లు కావు, గుడ్డు దాటి పెరుగుతున్న పిల్లలు, గూటి దశలో ఉన్నవి. అసలు గుడ్డు మన కంటికి ఆనేంత పెద్దది కాదు. అట్లే మనం పాలు పోసి మొక్కే పుట్ట కూడా చీమలది కాదు, చెదలు కట్టింది. ఇది చెబితే మా ఇంట్లోనే ఒప్పుకోరు, అది వేరే విషయం.

ఇక తగువు. చీమ కోత కాలంలో గింజలు పోగు చేసుకుంటుందని సొలొమోను సామెతల్లో ఉంది, ఈసపు కథల్లో ఉంది. కానీ 1747లో ఇంగ్లాండులో విలియం గూల్డ్ తన దేశపు చీమల మీద పుస్తకం రాస్తూ, తవ్వి చూస్తే గింజల కొట్లు కనబడలేదన్నాడు. 1810లో జెనీవాలో పియర్ హ్యూబర్ అనే పెద్ద పరిశీలకుడూ అదే చెప్పాడు. వాళ్ల చలికి చీమలు మొద్దుబారి నిద్రపోతాయి. తినని కాలానికి తిండి దాచడం ఎందుకు? వాళ్లు చూసింది నిజమే. చిక్కంతా తర్వాత వచ్చినవాళ్లతో. ఇంగ్లాండు చీమ దాచదు కాబట్టి లోకంలో ఏ చీమా దాచదు, పూర్వికులు తెల్లటి గూళ్లను చూసి గింజలనుకున్నారు అని తేల్చేశారు.

పూర్వికులు అంత అమాయకులా? యూదుల పాత ధర్మశాస్త్రం మిష్నా సుమారు 1800 ఏళ్ల నాటిది. అందులో చీమల బొక్కల్లో దొరికిన ధాన్యం ఎవరిది అనే పంచాయితీ ఉంది. నిలువు పైరులో ఉన్న బొక్కలోదైతే చేను యజమానిది. కోత అయిన చోటైతే పైన ఉన్నది పేదలకు, అడుగున ఉన్నది యజమానికి. లేని గింజల మీద ఎవరైనా ఇంత లెక్కగా చట్టం రాస్తారా?

తగువును తిప్పింది మన దక్కన్. కర్నల్ సైక్స్ అని బొంబాయి ప్రభుత్వానికి దక్కన్ లెక్కలు రాసే ఉద్యోగి. 1829లో పూణే పరేడ్ మైదానం దగ్గర పొద్దున నడకకు పోతూ, బీడు నేల మీద గడ్డిగింజల చిన్న చిన్న కుప్పలు చూశాడు. ఒక్కొక్కటి పిడికెడు. వందల చీమలు కింది కొట్లోంచి గింజలు పైకి తెస్తున్నాయి. వానకు తడిసిన గింజలను ఎండ కాసిన రోజు చూసి ఆరబెడుతున్నాయని ఆయన అర్థం చేసుకున్నాడు. మన ఆడవాళ్లు తడిసిన సజ్జలు చాపల మీద పోసినట్లే. లెక్కల మనిషి కాబట్టి కుప్పకు ఎంత అని కూడా రాసిపెట్టాడు. గుమాస్తాగా బతికిన మాకు ఆయన మీద అభిమానం కలిగింది ఇక్కడే. మా రోజుల్లో గూడ్స్ షెడ్డులో చిరిగిన బస్తాల నుంచి రాలిన జొన్నలు సాయంత్రానికి వరుసగా నడిచి పోయేవి. మేము దాన్ని తరుగు కింద రాసేవాళ్లం. రిజిస్టరులో చీమల పద్దుకు గడి లేదు మరి.

తర్వాతి మనిషి డాక్టర్ జెర్డన్. మన కలివికోడికి ఇంగ్లీషులో ఈయన పేరే పెట్టారు. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసినాయన. 1851లో మద్రాసు పత్రికలో దక్షిణాది చీమల పట్టిక అచ్చు వేయించాడు. గింజలు మోసే చీమలను తానూ చూశానన్నాడు. అయినా యూరప్‌లో గట్టిగా నమ్మింది మాగ్రిడ్జ్ అనే జబ్బు కుర్రవాడు ఫ్రాన్స్ దక్షిణ తీరంలో స్వయంగా తవ్వి, కొట్లు చూపించి, 1873లో పుస్తకం వేశాకే. చీమలు గింజ మొలవకుండా మొలక కొన కొరికేస్తాయని ఆయన చూపించాడు. డార్విన్‌తో ఉత్తరాలు నడిపాడు. మరుసటి ఏడే, 32 ఏళ్లకు పోయాడు. దక్కన్ నుంచి అచ్చయిన మాట నలభై ఏళ్ల దాకా ఎదురు చూడాల్సి వచ్చిందన్నమాట.

ఇందులో పరిణామం ఎక్కడ ఉందంటే, చలి దేశంలో నిద్ర పనికొచ్చింది, కరువు దేశంలో కొట్టు పనికొచ్చింది. వానలు ఎగ్గొట్టిన ఏట గింజ దాచిన గూడు బతికింది, దాచని గూడు పోయింది. అమెరికా ఎడారుల్లో, మధ్యధరా తీరంలో, మన దగ్గర ఒకదానికొకటి దూరపు చుట్టాలైన చీమలు వేరువేరుగా ఈ పద్ధతికే వచ్చాయి. నీళ్ల విషయంలోనూ అంతే. మన దేశపు డయాకమ్మా అనే నల్ల చీమ గూటి వాకిలి చుట్టూ పక్షి ఈకలు, చచ్చిన చీమలు పేరుస్తుంది. తెల్లవారి వాటి మీద పట్టిన మంచు బొట్లను తాగుతుంది. 1985లో మార్క్ మాఫెట్ దీన్ని ప్రకటించాడు. ఫ్లోరైడు నీళ్లతో వేగే పావగడ వాళ్లం ఈ చీమకు దండం పెట్టాలి.

ఇదంతా లక్షల ఏళ్ల పని. ఇప్పుడు ఎండలు మన కళ్ల ముందే ముదురుతున్నాయి, చీమ అందుకోగలదా? అమెరికాలోని క్లీవ్‌లాండులో ఓక్ కాయ లోపల కాపురం ఉండే బుల్లి చీమలను నగరం నుంచి, పల్లె నుంచి తెచ్చి ఒకే వేడిలో పెంచారు. 2017లో వచ్చిన ఫలితం ఏమంటే, నగరం చీమ సంతతి ఎక్కువ వేడి ఓర్చుకుంది. నగరం వేడెక్కిన నూరేళ్ల పాటి కాలంలోనే ఆ మార్పు వచ్చింది. కానీ దానికి చలి ఓర్చే శక్తి కొంత తగ్గింది. ఊరికే ఏదీ రాదు. నగరం చీమ పక్కన పెట్టి చూడడానికి పల్లె చీమ దొరికింది కాబట్టే ఈ సంగతి తేలింది.

మన తిరుమణి, వళ్లూరు చుట్టుపక్కల 13,000 ఎకరాల్లో 2018 నుంచి సోలార్ పలకలు లేచాయి. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు ఉండిందని మనకు నోటికి వచ్చు. శనక్కాయ, రాగి చేలుండిన చోట పలకల కింద నీడ, సందుల్లో ఎండ. ఒకే నేల మీద రెండు రకాల వాతావరణం. గింజ చీమకు అక్కడ ఏమైందో చెప్పాలంటే పలకలకు ముందు గెనిమల మీద ఏముండిందో తెలియాలి. అది చూసినవాళ్లు మన పెద్దలు. సైక్స్ చూసినట్లు చూసినవాళ్లే, రాయలేదంతే.

మేము చదివింది తమిళ మీడియంలో, తెలుగు రాత ఇంట్లో నేర్చింది. తప్పులుంటే సర్దుకోండి, పని మాత్రం చేద్దాం. మీ ఇంట్లో డెబ్బై దాటినవాళ్లను అడిగి రాయించండి: ఊరు, చేను పేరు, గూటి చుట్టూ గింజల పొట్టు ఎక్కడ కనిపించేది, ఏ నెలలో, ఏ గింజ. ఈ వాన అయ్యాక మొదటి ఎండ రోజు పొద్దున మీరూ గెనిమ మీదికి పోయి చూడండి. కుప్ప కనిపిస్తే తేదీ, టైము వేసి ఇక్కడ పెట్టండి. గడి మేము గీస్తాం.