ఘోరీ సుల్తానుల వంశమూలము

1192వ సంవత్సరమున తరాయిన్ రణభూమియందు పృథ్వీరాజ చౌహానుని జయించిన మహమ్మదు ఘోరీ పేరు ఎరుగని బడిపిల్లవాడు లేడు. కాని ఆతడు ఏ జాతివాడని అడిగినచో ఒక పుస్తకము తురుష్కుడనును, ఒకటి పఠానుడనును, మరియొకటి పారసీక సంబంధము గలవాడనును. ఒక్క మనుష్యునికి మూడు జాతులుండుట పొసగదు గదా! ఇందలి సత్యమేమి? ఏయే ఆధారములను బట్టి ఒక్కొక్క పక్షము నిలిచినది? ఆ ఆధారములలో గట్టివెవ్వి, తాలువెవ్వి? ఇది విచారింపదగిన విషయము.

నేటి ఆఫ్ఘనిస్తానమునకు నడుమ, హిరాతు నగరమునకు తూర్పున, గజనీకి పడమట, కొండలతో నిండిన ఒక ప్రదేశము కలదు. దానికే ఘోర్ అని పేరు. హరీరూద్ నది అచ్చట ఇరుకైన లోయలలో ప్రవహించును. శీతకాలమున మంచు కురిసి దారులు మూసికొనిపోవును. ఒక్కొక్క లోయకు ఒక్కొక్క కోట, ఒక్కొక్క నాయకుడు. పదియవ శతాబ్దినాటి అరబ్బు భూగోళ గ్రంథకర్తలు ఈ దేశమును గూర్చి ఒక వింత వ్రాసిరి. చుట్టును ఇస్లాము మతము వ్యాపించియున్నను నడుమనున్న ఘోరు మాత్రము పూర్వమతమునే అనుసరించుచుండెనట. ఆ కాలమున ఘోరు మనుష్యులను పట్టితెచ్చి హిరాతు మొదలగు పట్టణములలో బానిసలుగా విక్రయించుచుండిరి. అట్టి మారుమూల దేశమునుండి రెండు శతాబ్దులు గడువకముందే ఖొరాసాను మొదలు వంగదేశము వఱకు ఏలిన రాజవంశము వెలువడుట చరిత్రలోని ఆశ్చర్యములలో ఒకటి.

1011వ సంవత్సరమున గజనీ మహమూదు ఘోరుపై దండెత్తి అచ్చటి నాయకుడగు మహమ్మదు బిన్ సూరీని చెరబట్టెను. పిమ్మట ఆ కొండజాతివారికి ఇస్లాము బోధించుటకు గురువులను నియమించెను. షన్సబానీలను ఒక కుటుంబమువారు గజనీకి సామంతులై క్రమక్రమముగా బలపడిరి. ఆ కుటుంబమువాడగు కుత్బుద్దీను మహమ్మదును గజనీ సుల్తాను బహ్రాంషా విషమిడి చంపించెను. అన్న పగ తీర్ప వెడలిన సైఫుద్దీను సూరీ గజనీని పట్టుకొనెను గాని 1149లో తానును వధింపబడెను. అంతట మరియొక సోదరుడు అలాఉద్దీను హుసేను 1150 ప్రాంతమున గజనీపై బడి ఏడు దినములు ఆ నగరమును తగులబెట్టించి, జహాన్‌సోజ్, అనగా లోకదాహకుడను బిరుదును సంపాదించెను. ఆతని అన్నకుమారులు గియాసుద్దీను, ముయిజ్జుద్దీను అనువారు. పెద్దవాడు 1163 నుండి 1203 వఱకు ఫీరోజ్‌కోహ్ రాజధానిగా ఏలెను. చిన్నవాడు 1173లో గజనీకి అధిపతియై హిందూదేశముపై దండెత్తెను. మహమ్మదు ఘోరీ అని ప్రసిద్ధి కెక్కినవాడు ఇతడే. ఇతడు 1206లో సింధునది సమీపమున హత్యకు గురియయ్యెను. 1215 నాటికి ఖ్వారజ్ము షా ఘోరు రాజ్యమును కబళించెను.

ఇక వంశమూలమును గూర్చిన వాదములు. మొదటిది తురుష్క పక్షము. ఇది పుట్టుటకు కారణము స్పష్టము. మహమ్మదు ఘోరీ సేనానులలో కుత్బుద్దీను ఐబక్, యిల్దిజ్, కుబాచా మొదలగువారు తురుష్క బానిసలు. కుమారులు లేరని విచారించిన ఆస్థానికునితో, తనకు వేలకొలది తురుష్క బానిసలే పుత్రులని ఆ సుల్తాను సమాధానము చెప్పినట్లు మిన్హాజుద్దీను జూజ్జానీ వ్రాసెను. ఢిల్లీలో రాజ్యమునకు వచ్చినవారు ఆ బానిసలే. కావున సేవకుల జాతిని ప్రభువులకును అంటగట్టుట సులభమయ్యెను. కాని జూజ్జానీ గ్రంథమునే మరికొంత చదివినచో ఈ వాదము నిలువదు. సుల్తాను మరణించినపుడు వారసుని విషయమున ఘోరీ ప్రభువులొక పక్షము, తురుష్క బానిసలొక పక్షమై కలహించిరని అందు స్పష్టముగా నున్నది. ఇరువురును ఒకే జాతివారైనచో ఆ చీలిక ఈ రీతిగా నుండదు. ఇదిగాక తురుష్కులు గుఱ్ఱముపైనుండి బాణములు వేయుటలో నేర్పరులు. ఘోరీలు కాలిబంటులుగా ప్రసిద్ధులు. ఎద్దుతోలులో దూది కూరి గోడవంటి కవచమును చేసికొని, దాని మాటున నడచి యుద్ధము చేయుట వారి పద్ధతి. అది కొండలలో పుట్టిన యుద్ధవిద్య గాని, మైదానములలో గుఱ్ఱములను మేపుకొనువారి విద్య గాదు.

రెండవది ఆఫ్ఘను పక్షము. ఆఫ్ఘనులనగా పష్తో భాష మాటాడువారు. హిందూదేశమున వీరినే పఠానులందురు. 1871లో ఎడ్వర్డు థామస్ అను ఆంగ్లేయుడు ఢిల్లీ సుల్తానుల నాణెములను గూర్చి వ్రాసిన ప్రసిద్ధ గ్రంథమునకే పఠాను రాజుల చరిత్రయని పేరిడెను. అట్టి గ్రంథముల మూలమున ఈ మాట బహుళముగా వ్యాపించెను. దీనికి ఆధారముగా రెండు విషయములను చూపుదురు.

అందు మొదటిది ఆఫ్ఘనుల వంశగాథ. జహంగీరు చక్రవర్తి కాలమున నియామతుల్లా అనునతడు ఆఫ్ఘను తెగల వంశావళిని కూర్చెను. అందు ఘోరు రాజకుమారుడగు షా హుసేను ఆఫ్ఘను పెద్ద యొకని కుమార్తె బీబీ మతోను వివాహమాడెననియు, గిల్జాయీ, లోడీ తెగలు ఆ దంపతుల సంతతియే ననియు నున్నది. షేర్షా పుట్టిన సూర్ తెగవారును తాము ఘోరు రాజవంశీయులమని చెప్పుకొనిరి. ఈ గాథ ఘోరీల కాలమునకు నాలుగు వందల యేండ్ల తరువాత వ్రాయబడినది. అది యట్లుండగా, గాథను నిజమని యొప్పుకొన్నను అది చెప్పునదేమి? ఘోరు రాజకుమారుడు ఆఫ్ఘనుల యింటికి వచ్చిన అల్లుడు; పుట్టుకచే వారివాడు గాడు. తమ పక్షమునకు సాక్షిగా పిలిచినవాడే ఎదుటిపక్షమునకు అనుకూలముగా పలికినట్లున్నది!

రెండవ ఆధారము ఇరువదియవ శతాబ్దిలో బయలుపడినది. 1944లో అబ్దుల్ హై హబీబీ అను పండితుడు కాబూలులో పటా ఖజానా అను గ్రంథమును ప్రకటించెను. పటా ఖజానా అనగా గుప్తనిధి. ఇది 1729లో కాందహారున రచింపబడినదని దాని పీఠిక. ఎనిమిదవ శతాబ్దిలో ఘోరును ఏలిన అమీర్ క్రోర్ సూరీ అనువాడు పష్తో భాషలో కవిత్వము చెప్పెనని అందు కలదు. అది నిజమైనచో వివాదము తీరినట్లే. కాని ఆ గ్రంథమునకు ప్రాచీన ప్రతి లేదు. అందలి భాషయు, వివరములును ఆ కాలమునకు సరిపడవని అనేక పండితులు ఎత్తిచూపిరి. అది ఆధునిక కల్పనయని పలువురి నిశ్చయము. ఆఫ్ఘనిస్తానమున దానిని గౌరవించువారును కలరు. సంశయగ్రస్తమైన పత్రమును నమ్మి ఏ న్యాయాధిపతియు భూమి హక్కును నిర్ణయింపడు, చరిత్రకారుడును అంతే.

ఆఫ్ఘను పక్షమునకు అన్నిటికంటె పెద్ద అడ్డు జూజ్జానీయే. ఆతడు ఫీరోజ్‌కోహ్‌లో గియాసుద్దీను కుమార్తె అంతఃపురమున పెరిగినవాడు. ఘోరీ కుటుంబమును కన్నులార చూచినవాడు. 1260లో ఢిల్లీయందు తబకాతె నాసిరీ అను తన చరిత్రను ముగించెను. అందు ఆఫ్ఘనుల ప్రసక్తి ఉలుగ్ ఖాను సేనలోని వీరభటులుగా మాత్రమే వచ్చును. వారు తన ప్రభువుల జ్ఞాతులని ఆతడు ఎచ్చటను సూచింపలేదు. పదునొకండవ శతాబ్దివాడగు అల్ బిరూనీయును ఆఫ్ఘనుల నివాసము హిందూదేశపు పడమటి సరిహద్దు కొండలని వ్రాసెను. ఆ కొండలు వేఱు, ఘోరు వేఱు.

మూడవది ఇరానీయ పక్షము. ఘోరీలు తమ వంశమును గూర్చి తామేమి చెప్పుకొనిరి? జూజ్జానీ పొందుపఱచిన వంశవృక్షములో వారి మూలపురుషుడు జహ్హాకు. భుజములపై పాములు మొలచిన క్రూరరాజుగా ఫిర్దౌసీ షానామాలో వర్ణించినవాడు ఈతడే. అతని సంతతిలో షన్సబు అనువాడు పుట్టి, ప్రవక్త అల్లుడగు అలీ చేత ఇస్లామును స్వీకరించి, ధ్వజమును బహుమతిగా పొందెనట. ఇది చరిత్ర గాదు, కథ. పైగా షానామాలో జహ్హాకు అరబ్బు. కథను అక్షరాల నమ్మినచో ఘోరీలు అరబ్బులు కావలసి వచ్చును! కాని ఒక వంశము ఏ పురాణమునుండి తన పూర్వులను ఎన్నుకొనెనో చూచినచో దాని సంస్కారము తెలియును. సాము, బహ్రాము, ఫౌలాదు మొదలగు వారి పేర్లును ఇరాను సంప్రదాయములోనివే. షన్సబు అను పేరు ప్రాచీన ఇరానీయ నామమగు గుష్నాస్పునకు రూపాంతరమని బాస్వర్తు మొదలగు పండితులు తలంచిరి.

ఆ వంశమువారి ఆస్థానభాష పారసీకమే. నిజామీ ఆరూజీ తన చహార్ మకాలా అను గ్రంథమును ఘోరీ రాజకుమారుని కొఱకే రచించెను. కాని దీనిని మితిమీరి వాడరాదు. ఆ కాలమున తురుష్క సుల్తానుల ఆస్థానములలో సైతము పారసీకమే రాజ్యమేలెను. మహమ్మదు ఘోరీ హిందూదేశమున ముద్రింపించిన బంగారు నాణెములపై లక్ష్మీదేవి ప్రతిమయు, నాగరి లిపిలో ఆతని పేరును కలవు. అంతమాత్రమున ఆతని మాతృభాష సంస్కృతమని ఎవరును అనరు గదా! ప్రభుత్వభాష వేఱు, ఇంటిభాష వేఱు.

ఇంటిభాషను గూర్చి ఒక్క విలువైన సాక్ష్యము కలదు. గజనీ మహమూదు కుమారుడు మసూదు 1020లో ఘోరుపై దండెత్తినపుడు అచ్చటివారితో మాటాడుటకు దుబాసీలను వెంట నుంచుకొనవలసి వచ్చెనని బైహకీ వ్రాసెను. అనగా వారి మాట ఖొరాసానులోని పారసీకమునకు భిన్నము. అది ఇరానీయ భాషలలో వేఱొక శాఖ కావచ్చును. ఆ భాషలో వ్రాసిన పంక్తి ఒక్కటియు నిలువలేదు. పష్తోయు ఇరానీయ శాఖలోనిదే గనుక ఆఫ్ఘను పక్షమువారు ఈ సాక్ష్యమును తమ వైపు లాగుకొందురు. కాని తెలియని భాషకు తెలిసిన పేరు పెట్టుట సాక్ష్యము గాదు.

కథలను బొత్తిగా త్రోసివేయరాదనుటకును ఘోరులోనే ఒక నిదర్శనము కలదు. షన్సబానీ పూర్వుడగు అమీర్ బంజీ ఖలీఫా హారూను రషీదు దర్శనమునకు పోవునపుడు ఒక యూదు వర్తకుడు ఆతనికి రాజసభా మర్యాదలు నేర్పెననియు, దానికి ప్రతిఫలముగా యూదులకు ఘోరులో నివాసస్థలము దొరకెననియు జూజ్జానీ చెప్పెను. ఇది కట్టుకథ యనిపించును. కాని ఇరువదియవ శతాబ్దిలో జామ్ అను చోట హెబ్రూ లిపిలో చెక్కిన యూదుల సమాధిరాళ్లు దొరకెను. అవి పదునొకటి మొదలు పదుమూడవ శతాబ్ది వఱకు గల కాలమునకు చెందినవి. బంజీ కథ నిజమని ఆ రాళ్లు చెప్పవు. యూదులు అచ్చట నివసించిరని మాత్రము చెప్పును. కథలో ఎంత నిజమో అంతయే గ్రహించుట చరిత్రకారుని పని.

ఆ జామ్ వద్దనే సుమారు 65 మీటరుల ఎత్తు గల ఇటుక మీనారు ఒంటరిగా నిలిచియున్నది. 1957లో ఫ్రెంచి పండితుడు ఆంద్రె మారిక్ దానిపై నీలివన్నె పలకలతో కూర్చిన గియాసుద్దీను నామమును చదివి లోకమునకు తెలిపెను. ఫీరోజ్‌కోహ్ నగరము అచ్చటనే యుండెనని పలువురి అభిప్రాయము. 2002లో యునెస్కో ఆ మీనారును ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చెను. దానిపై ఖురానులోని మరియము అధ్యాయము సమగ్రముగా చెక్కబడియున్నది, సుల్తాను బిరుదములున్నవి, జాతిపేరు మాత్రము లేదు. కట్టించినవానికి అది ముఖ్యమని తోచలేదు కాబోలు!

ఈ ఆధారములన్నియు తూచి చూచినచో ఘోరీలు తూర్పు ఇరానీయ శాఖకు చెందిన కొండజాతివారనియు, నేడు తాజిక్కులని పిలువబడువారికి దగ్గఱివారనియు చెప్పుటయే యుక్తము. నేటి పండితులలో అధికసంఖ్యాకుల మతమును ఇదియే.

ఎనిమిది వందల యేండ్లనాటి ఈ ప్రశ్నకు నేటికిని ఇంత వేడి యేల? ఘనులైన పూర్వులను తమవారనుకొనుట ప్రతి జాతికిని ప్రీతి. ఆఫ్ఘనిస్తానమున పష్తో మాటాడువారును, పారసీకము మాటాడువారును ఘోరీలు తమవారేయని వాదింతురు. 1998లో పాకిస్తాను తన క్షిపణికి ఘోరీ అని పేరిడెను. చచ్చిన రాజు జాతి బ్రతికియున్నవారి హక్కులకు పత్రమైనపుడు, చరిత్ర విచారణ వ్యాజ్యముగా మారును.

ఈ విషయము తెలుగువారికి బొత్తిగా దూరమైనది గాదు. ఘోరు దక్షిణపు అంచునగల గర్మ్‌సీరు ప్రాంతమునుండి ఖిల్జీలు ఘోరీల వెంట హిందూదేశమునకు వచ్చిరి. వంగదేశమును జయించిన బఖ్తియారు ఖిల్జీ అట్టివాడే. 1290లో ఖిల్జీలు ఢిల్లీ గద్దె నెక్కినపుడు వారు తురుష్కులు గారని నగరవాసులు రోసిరని బరనీ వ్రాసెను. వారి మూలము తురుష్కమేయని నేటి పండితులలో పెక్కుమంది తలంతురు. ఆ ఖిల్జీల సేనయే 1310లో మాలిక్ కాఫూరు నాయకత్వమున ఓరుగల్లును ముట్టడించి ప్రతాపరుద్రునిచే కప్పము గొనిపోయెను. కోట వెలుపలివారి జాతి వివాదగ్రస్తము. లోపలి కాకతీయులను సూర్యవంశజులని కొన్ని శాసనములును, చతుర్థకులజులని కొన్ని శాసనములును చెప్పుటచే వారి కులమును వివాదగ్రస్తమే. వెలుపలివారి నందఱిని తెలుగువారు తురకలను ఒక్క మాటతోనే వ్యవహరించిరి. ఆ మాట తురుష్క శబ్దభవము. కాని దానిచే పిలువబడినవారందఱు తురుష్కులు గారు. పేరు ఒకటి, మూలములు అనేకము.

ఒక్క పుస్తకము చదివినవాడు ఘోరీ జాతిని గూర్చి తడుముకొనక జవాబు చెప్పగలడు. పది పుస్తకములు ప్రక్క ప్రక్కన పెట్టుకొని చదివినవాడు ఒక్క క్షణమాగి, ఈ మాటకు ఆధారమేమని అడుగును. గ్రంథాలయము ఊరికి చేయు మేలు ఆ క్షణమునందే యున్నది.