ర్యాంకు కింద నలిగిపోయే మనుషులు

సోమాజిగూడ ప్రెస్ క్లబ్‌లో మీరు వెనక వరసలో కూర్చున్నారు. బల్ల మీదికి చానళ్ల మైకులు ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నాయి. స్వచ్ఛంద సంస్థ తరఫున వచ్చిన అమ్మాయి ప్రెస్ నోట్ పంచుతోంది. ఒకటే పేజీ, తెలుగులో. లావుపాటి ఇంగ్లిష్ నివేదికను అడిగినవాళ్లకే ఇస్తోంది. సాయంత్రం ఏడింటికి డెస్కులో దాన్ని తిరగేసే తీరిక ఎవరికుంటుంది?

మొదటి ప్రశ్న మీరు ఊహించినదే. "మేడమ్, మనం ఎన్నో స్థానంలో ఉన్నాం?"

"రాష్ట్రాల న్యాయ వ్యవస్థలకు ర్యాంకులిచ్చే ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2025లో పెద్ద రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం, తెలంగాణది మూడు."

పెన్నులు చకచకా కదిలాయి. రేపటి హెడ్డింగ్ ఇదేనా అని మీకు గుబులు. ఆమె ఆగలేదు. "అన్నా, అది రాసుకోండి. దాని పక్కనే ఇదీ రాయండి. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు." అంటే నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువే కాలేదు.

ఒక టీవీ రిపోర్టర్ లేచాడు. "ఖైదీ తల్లి ఎవరైనా ఉన్నారా మేడమ్? చిన్న బైట్ చాలు."

"ఉన్నారు. కెమెరా ముందుకు మాత్రం తీసుకురాను. కేసు నడుస్తోంది, ఆవిడ అదే ఊళ్లో బతకాలి. వకీలు గారు మాట్లాడతారు."

అతను మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఆ బైట్ ఉంటే వార్త మధ్యాహ్నమంతా తిరిగేది. అయినా ఆమె చేసిందే సరైన పని. ఎవరి కోసం నివేదిక రాశారో వాళ్లనే బజారున పెట్టి ప్రచారం చేయకూడదు.

వకీలు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ విప్పి చెబుతున్నాడు. ఇంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపితే బాండు మీద వదలాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. గడువు నిండగానే కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే.

పత్రికలో రాస్తే ఏమవుతుందని అడిగేవాళ్లకు 1979 గుర్తుచేయాలి. బీహార్ జైళ్ల గురించి మాజీ పోలీసు అధికారి రుస్తంజీ ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో రాసిన వ్యాసాలు చదివి న్యాయవాది కపిలా హింగోరాణీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే హుస్సైనారా ఖాతూన్ కేసు. దాని ఫలితంగా వేలమంది విచారణ ఖైదీలు బయటికొచ్చారు.

హాలు ఖాళీ అయింది. ఆమె ఫోన్ తీసి వరంగల్, కర్నూలు విలేకరులకు వరసగా చేస్తోంది. ములాఖత్‌కు వెళ్లే కుటుంబాలు చూసేది జిల్లా పేజీనే. "479 సెక్షన్, 15100 నంబరు, ఈ రెండూ కట్ చేయకండన్నా" అని ప్రతి ఒక్కరినీ బతిమాలుతోంది.

మీకు తెలిసినవాళ్లెవరైనా విచారణ ఖైదీగా ఉంటే ఉచిత న్యాయ సహాయం కోసం ఆ 15100కి ఫోన్ చేయండి. లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. కస్టడీలో ఉన్నవారికి వకీలును ఉచితంగా ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టమే చెబుతోంది.