పరాన్నజీవి వ్యాధుల్లో సైటోకైన్లు: రక్షణకూ రోగానికీ నడుమ

పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో పరాన్నజీవుల అధ్యయనం దాదాపు పూర్తిగా సూక్ష్మదర్శిని కింద కనిపించినదాని మీదే ఆధారపడి సాగింది. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. 1903లో విలియం లీష్మన్, మద్రాసులో వైద్యుడిగా ఉన్న చార్లెస్ డోనొవన్ ఒకరి పని ఒకరికి తెలియకుండానే కాలా అజార్ రోగుల ప్లీహంలో దాగిన సూక్ష్మజీవిని లోకం దృష్టికి తెచ్చారు. ఆ జీవికి ఇద్దరి పేర్లూ కలిపి లీష్మానియా డోనొవని అని నామకరణం చేసినవాడు కూడా రాసే. ఈ పరిశోధనలు రోగానికి కారణమేమిటో తేల్చాయి గాని, ఒకే ఊళ్లో, ఒకే కీటకం కాటుకు గురైనవారిలో కొందరు ప్లీహం ఉబ్బి, రక్తం క్షీణించి చావు అంచుకు చేరుతుంటే మరికొందరు ఏ లక్షణమూ లేకుండా ఎలా తిరగగలుగుతున్నారన్న ప్రశ్నను మాత్రం తాకలేకపోయాయి. రక్తంలోని ప్రతిరక్షకాలే రక్షణకు మూలమనుకున్న ఆ రోజుల్లో కాలా అజార్ ఆ నమ్మకానికి కొరుకుడుపడని సమస్య అయింది. ఎందుకంటే ఈ రోగుల రక్తంలో ప్రతిరక్షకాలు మామూలుకన్నా ఎంతో ఎక్కువగా ఉంటాయి, అయినా రోగం ముదురుతూనే ఉంటుంది.

జవాబు ప్రతిరక్షకాల్లో కాక కణాల మధ్య నడిచే సమాచారంలో ఉందని తెలియడానికి అర్ధశతాబ్దం పట్టింది. 1957లో లండన్‌లో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మన్ వైరస్ సోకిన కణాలు విడుదల చేసే ఇంటర్ఫెరాన్ అనే పదార్థాన్ని వర్ణించారు. 1960ల్లో జార్జ్ మెకనెస్ మరో సంగతి చూపాడు: సూక్ష్మజీవులను మింగి జీర్ణం చేసుకునే మాక్రోఫేజ్‌లనే భక్షక కణాలు వాటంతటవి అంత సమర్థమైనవి కావు, లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు ప్రేరేపించినప్పుడే అవి పూర్తి శక్తిని సంతరించుకుంటాయి. ఆ ప్రేరణ కణాలు స్రవించే కరిగే పదార్థాల ద్వారా అందుతుందని క్రమంగా రుజువైంది. కణాలు అతి స్వల్ప పరిమాణంలో వెలువరించి, ఇతర కణాల ఉపరితలంపై ఉన్న గ్రాహకాలకు అంటుకుని వాటి నడవడిని మార్చే ఈ ప్రోటీన్లకే 1974 తర్వాత సైటోకైన్లనే పేరు స్థిరపడింది.

ఈ రంగానికి పరాన్నజీవుల మీద పనిచేసినవారు చేసిన మేలు సాధారణంగా గుర్తించినదానికన్నా చాలా పెద్దది. లీష్మానియా, టాక్సోప్లాస్మా వంటి ఏకకణ జీవులు తమను చంపవలసిన మాక్రోఫేజ్ లోపలే కాపురం పెడతాయి. కాబట్టి ఆ కణానికి సరైన ఆజ్ఞ అందిందో లేదో తెలుసుకోవడానికి లోపలి పరాన్నజీవుల సంఖ్యను లెక్కపెట్టడం కంటే మంచి కొలమానం దొరకదు. ప్రేరేపించిన లింఫోసైట్ల నుంచి తీసిన ద్రవాన్ని మాక్రోఫేజ్‌ల మీద పోస్తే పరాన్నజీవులు చస్తున్నాయని 1970ల నాటికే తెలిసినా, అనేక ప్రోటీన్లు కలగలిసిన ఆ ద్రవంలో అసలు పనిచేసేది ఏదన్నది తేలలేదు. జన్యువును వేరుచేసి శుద్ధమైన ప్రోటీన్‌ను తయారుచేసే పద్ధతి వచ్చాక, 1983లో కార్ల్ నేథన్, హెన్రీ మరే తదితరులు అది ఇంటర్ఫెరాన్ గామా అని నిర్ధారించారు. ఈ సంకేతం అందిన మాక్రోఫేజ్ ఆక్సిజన్ నుంచి పుట్టే విషాలతో పాటు, చుంచెలుకల్లో ప్రధానంగా నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును ఉత్పత్తి చేసి పరాన్నజీవిని హతమారుస్తుందని ఆ దశాబ్దం ముగిసేలోగా స్పష్టమైంది.

అసలైన మలుపు రెండు జాతుల చుంచెలుకల పోలికతో వచ్చింది. చర్మంపై పుండ్లు కలిగించే లీష్మానియా మేజర్‌ను పాదం అడుగు భాగంలో సూదితో ఎక్కిస్తే, సి57 బ్లాక్/6 అనే నల్ల చుంచెలుకల్లో పాదం వాచి, కొద్ది వారాల్లో వాపు తగ్గి మానిపోతుంది. బాల్బ్/సి అనే తెల్ల చుంచెలుకల్లో అదే మోతాదు పుండుగా మారి, పాదాన్ని తినేసి, లోపలి అవయవాలకు పాకి ప్రాణం తీస్తుంది. 1986లో టిమ్ మాస్మన్, రాబర్ట్ కాఫ్‌మన్ ప్రయోగశాలలో పెంచిన సహాయక టి కణాల్లో (ఇవి లింఫోసైట్లలో ఒక తెగ) రెండు రకాలున్నాయని, మొదటి రకం ఇంటర్ఫెరాన్ గామాను, రెండో రకం ఇంటర్‌ల్యూకిన్-4 వంటి వాటిని స్రవిస్తుందని ప్రకటించారు. ఆ విభజన గాజు పాత్రలకే పరిమితమా, బతికి ఉన్న ప్రాణిలో దానికి అర్థముందా అన్న సందేహాన్ని తీర్చింది ఈ చుంచెలుకలే. 1989లో ఫ్రెడరిక్ హైన్జెల్, రిచర్డ్ లాక్స్‌లీ బృందం కోలుకునే చుంచెలుకల లింఫ్ గ్రంథుల్లో ఇంటర్ఫెరాన్ గామా సందేశం, చనిపోయేవాటిలో ఇంటర్‌ల్యూకిన్-4 సందేశం ఆధిక్యంలో ఉన్నాయని చూపింది. సోకిన తొలి రోజుల్లోనే ఇంటర్‌ల్యూకిన్-4ను ప్రతిరక్షకంతో అడ్డుకుంటే చావవలసిన తెల్ల చుంచెలుక బతికింది; ఇంటర్ఫెరాన్ గామాను అడ్డుకుంటే మానవలసిన పుండు మానలేదు. 1993లో ఇంటర్‌ల్యూకిన్-12ను ఎక్కించి తెల్ల చుంచెలుకల రోగాన్ని నయం చేసినప్పుడు మొదటి రకం టి కణాలను తయారుచేసే ఆజ్ఞ ఏదో కూడా తెలిసింది. పరాన్నజీవి మారలేదు, మోతాదు మారలేదు, సంకేతం ఒక్కటే మారింది. ఆధునిక రోగనిరోధక శాస్త్రంలో ఇంత విస్పష్టంగా మాట్లాడిన ప్రయోగాలు అరుదు.

అయితే ఆ స్పష్టతే కొంతకాలం ఆలోచనను ఇరుకు చేసిందని చెప్పక తప్పదు. మొదటి రకం స్పందన మంచిది, రెండోది చెడ్డది అన్న సూత్రం మనుషుల కాలా అజార్‌కు సరిపోలేదు. 1993లో వెలువడిన సూడాన్ రోగుల పరిశీలనలో ఇంటర్ఫెరాన్ గామాకు కొరత లేదు సరికదా అది పెరిగి ఉంది, దానితో పాటే ఇంటర్‌ల్యూకిన్-10 కూడా పెరిగి ఉంది. ఇంటర్‌ల్యూకిన్-10 పని మాక్రోఫేజ్‌లను శాంతింపజేయడం. ఇంటర్ఫెరాన్ ఆజ్ఞ ఎంత గట్టిగా వచ్చినా ఇది ఎక్కువగా ఉన్నచోట కణం స్పందించదు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన శ్యామ్ సుందర్ సహకారంతో బిహార్ రోగుల ప్లీహ కణాలపై జరిగి 2007లో ప్రచురితమైన పరిశోధన ఈ ఇంటర్‌ల్యూకిన్-10కు టి కణాలే ముఖ్యమైన మూలమని చూపింది.

అంతమాత్రాన దీన్ని శత్రువుగా లెక్కగట్టడమూ పొరపాటే. ఇంటర్‌ల్యూకిన్-10 జన్యువు లేని చుంచెలుకలకు టాక్సోప్లాస్మా సోకితే అవి పరాన్నజీవి పెరగడం వల్ల కాక, అదుపు తప్పిన తమ సొంత స్పందన వల్ల చనిపోతాయని 1996లో తెలిసింది. 2002లో యాస్మిన్ బెల్కాయిద్, డేవిడ్ సాక్స్ తదితరుల పరిశోధన ఇంకా ఆలోచింపజేసేది. పుండు మానిన చుంచెలుకల చర్మంలో ఇంటర్‌ల్యూకిన్-10 అండతో కొద్ది పరాన్నజీవులు మిగిలిపోతాయి. వాటిని పూర్తిగా తుడిచిపెడితే ఆ చుంచెలుక తిరిగి సోకే రోగాన్ని ఎదుర్కొనే బలాన్ని కూడా పోగొట్టుకుంటుంది.

సంకేతమే రోగమయ్యే తీరుకు ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ చరిత్ర అన్నింటికన్నా బాధాకరమైన ఉదాహరణ. ఆఫ్రికాలో పశువులను పట్టి పీడించే ట్రిపనోసోమా అనే రక్త పరాన్నజీవిని కుందేళ్లకు ఎక్కించి గమనించిన ఆంథొనీ సెరామీ బృందానికి, రక్తంలో పరాన్నజీవులు కొద్దిగానే ఉన్నా జంతువు ఎండిపోవడం, రక్తమంతా కొవ్వుతో నిండిపోవడం వింతగా తోచాయి. కొవ్వును కణాల్లోకి చేర్చే ఎంజైమును అణచివేసే ప్రోటీన్ కోసం వెదికి, దాన్ని 1985లో శుద్ధిచేసి చూస్తే, పదేళ్ల కిందట కణితులను నశింపజేసే పదార్థంగా వర్ణించిన అణువూ ఇదీ ఒకటేనని బయటపడింది. 1987లో జార్జ్ గ్రావ్ బృందం ఇదే అణువు చుంచెలుకల్లో సెరిబ్రల్ మలేరియాకు, అంటే మెదడుకు చేరి స్పృహ తప్పించే మలేరియాకు, తప్పనిసరి కారణమని నిరూపించింది. ఆఫ్రికా పిల్లల్లో కూడా జబ్బు తీవ్రతను బట్టి దీని మోతాదు పెరుగుతున్నట్టు కనిపించడంతో, దీన్ని అడ్డుకునే ప్రతిరక్షకాన్ని గాంబియాలో సెరిబ్రల్ మలేరియా బారినపడిన 610 మంది పిల్లలతో జరిగిన పరీక్షలో ప్రయోగించారు. 1996లో వెలువడిన ఫలితాల్లో మందు పొందినవారిలోనూ పొందనివారిలోనూ మరణాలు 20 శాతం దగ్గరే ఉన్నాయి. బతికిన పిల్లల్లో నరాల సంబంధమైన లోపాలు మందు పొందినవారిలోనే ఎక్కువగా మిగిలాయి. చుంచెలుకలో సోకక ముందే, సోకిన వెంటనే సంకేతాన్ని ఆపవచ్చు. ఆసుపత్రికి స్పృహలేకుండా వచ్చిన బిడ్డలో ఆ సంకేతం చేయవలసిన హాని అప్పటికే చేసి ఉంటుందన్నది ఆ వైఫల్యానికి చాలామంది ఒప్పుకునే వివరణ.

పేగుల్లో, రక్తనాళాల్లో ఉండే పురుగుల విషయంలో లెక్క తలకిందులవుతుంది. మాక్రోఫేజ్ మింగలేనంత పెద్దవైన ఈ జీవులను బయటికి నెట్టడానికి ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13లే ఆధారం. అవి పేగులో జిగురును పెంచి, కండరాల కదలికను వేగవంతం చేసి పురుగును వెళ్లగొడతాయి. అదే ఇంటర్‌ల్యూకిన్-13 రక్తనాళాల్లో ఉండే షిస్టోసోమా అనే పురుగు గుడ్లు చిక్కుకున్న కాలేయంలో మాత్రం పీచుకణజాలాన్ని పెంచి అవయవాన్ని గట్టిపరుస్తుంది. పురుగులు కూడా ఊరుకోలేదు: చుంచెలుకల పేగులో ఉండే హెలిగ్మోసోమాయిడిస్ అనే పురుగు, స్పందనను అణచే టీజీఎఫ్-బీటా సంకేతాన్ని అనుకరించే ప్రోటీన్‌ను తానే తయారుచేస్తుందని 2017లో తేలింది.

ఈ చరిత్రలో మందుల కథ వేరుగా కనిపించినా నిజానికి దీనిలోనిదే. కాలా అజార్‌కు దశాబ్దాలపాటు దిక్కైన ఆంటిమొనీ మందులు టి కణాలు లేని చుంచెలుకల్లో పనిచేయవని మరే చూపాడు. హెచ్‌ఐవీ వల్ల టి కణాలు తగ్గిపోయిన రోగుల్లో చికిత్స తర్వాత కూడా కాలా అజార్ మళ్లీ మళ్లీ తిరగబెట్టడం అదే సత్యాన్ని మనుషుల్లో చూపుతోంది. 1990ల్లో బ్రెజిల్‌లోనూ భారత్‌లోనూ ఆంటిమొనీకి ఇంటర్ఫెరాన్ గామాను జోడించి, మందుకు లొంగని కొందరు రోగులను కోలుకునేలా చేయగలిగారు గాని, రోజూ ఇవ్వవలసిన ఆ ఖరీదైన ఇంజెక్షన్ పేదల రోగానికి వాడుక మందు కాలేకపోయింది. తర్వాత వచ్చిన ఆంఫోటెరిసిన్, మిల్టెఫోసిన్ ఆ స్థానాన్ని ఆక్రమించాయి. బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్‌కార్బమజైన్ సంగతి మరీ విశేషమైనది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల్లో 1940ల్లో రూపొందిన ఈ మందు, ఆంధ్ర తీరంతో సహా దేశంలోని బోదకాలు పీడిత జిల్లాల్లో ఇంటింటా పంచే మాత్రల్లో ఈనాటికీ ఉంది. రోగి రక్తంలోని సూక్ష్మ పురుగులను కొద్ది గంటల్లోనే మాయం చేసే ఈ మందు, రక్తంలో చేరే మోతాదులోనే పరీక్షనాళికలోని పురుగుల మీద వేస్తే దాదాపు ఏ ప్రభావమూ చూపదు. 2005లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం, ప్రేరణ పొందినప్పుడు నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైము లోపించిన చుంచెలుకల్లో డైఇథైల్‌కార్బమజైన్ పురుగులను తగ్గించలేకపోయింది. అంటే ఇంటర్ఫెరాన్ గామా అందినప్పుడు లీష్మానియాను చంపడానికి చుంచెలుక మాక్రోఫేజ్ వాడే ఆయుధమే బోదకాలు మాత్రకూ అవసరమవుతోంది.