గుజరాతీ థాలీ హోటల్

గుజరాతీ థాలీ హోటల్ అంటే ఒకే ధరకు అడిగినన్నిసార్లు వడ్డించే శాకాహార భోజనశాల. అహ్మదాబాద్‌లో దీన్ని 'డైనింగ్ హాల్' అంటారు. ముంబయి పాత పేటల్లో బోర్డు మీద 'భోజనాలయ్' అని ఉంటుంది. ఏం తింటారని ఇక్కడ ఎవరూ అడగరు. కూర్చోగానే ఎదుట పెద్ద స్టీలు పళ్లెం, అందులో ఐదారు చిన్న గిన్నెలు ప్రత్యక్షమవుతాయి. ఆ గిన్నెల్ని గుజరాతీలో వాట్కీ అంటారు. ఆపైన ఒకరి వెనక ఒకరు వచ్చి పచ్చళ్లు, కచుంబర్, ఫర్సాణ్, రెండు మూడు కూరలు, పప్పు, కఢీ, రోట్లీలు, మిఠాయి వడ్డించి పోతారు. ఫర్సాణ్ అంటే ఢోక్లా, కచోరీ వంటి ఉప్పూకారం తినుబండారాలు. తెలుగువాళ్లు సాయంత్రం టిఫినుగా తినే ఇలాంటివి గుజరాతీ పళ్లెంలో భోజనంతోపాటే ఉంటాయి. మిఠాయి కూడా చివరిదాకా ఆగదు, మొదటి ముద్ద నుంచీ పక్కనే ఉంటుంది. అన్నమో కిచిడీయో మాత్రం రోట్లీలు అయ్యాకే వస్తుంది. మజ్జిగ గ్లాసు ఖాళీ కావడమే ఆలస్యం, మళ్లీ నింపుతారు.

ఈ హోటల్ నగరంలో పుట్టింది గానీ దాని వంట, వడ్డన ఇంటి నుంచీ గుడి నుంచీ వచ్చాయి. గుజరాత్‌లో శాకాహారానికి బలమైన పునాది వేసింది జైనం. 12వ శతాబ్దంలో గుజరాత్ చౌళుక్య (సోలంకీ) రాజు కుమారపాలుడు, జైనాచార్యుడు హేమచంద్రుడి ప్రభావంతో తన రాజ్యంలో జీవహింసను నిషేధించాడు. ఆ తర్వాత వైష్ణవం, అందులోనూ పుష్టిమార్గం, వ్యాపార కుటుంబాల్లో వేళ్లూనుకుంది. పుష్టిమార్గాన్ని స్థాపించిన వల్లభాచార్యుడు (1479-1531) తెలుగు బ్రాహ్మణ కుటుంబానికి చెందినవాడన్నది తెలుగు పాఠకులు గుర్తుపెట్టుకోదగ్గ సంగతి. ఆయన కుమారుడు విఠ్ఠలనాథుడు కృష్ణుడి సేవను సంగీతం, అలంకారం, నైవేద్యం అనే మూడింటి చుట్టూ విస్తరించాడు. పాలు, నెయ్యి, మిఠాయిలు, రకరకాల కూరలతో సాగే రాజభోగం, దీపావళి మర్నాటి అన్నకూటం ఈ సంప్రదాయంలోనివే. 19వ శతాబ్దం మొదట్లో స్వామినారాయణ సంప్రదాయం ఉల్లి, వెల్లుల్లి లేని వంటను పల్లెల్లోకీ తీసుకెళ్లింది.

అయితే గుజరాతీలందరూ శాకాహారులన్న మాట నిజం కాదు. 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వేలో అక్కడ శాకాహారులు సుమారు 61 శాతమే. సముద్ర తీరపు మత్స్యకారులకూ, బోహ్రా ముస్లింలకూ, పార్సీలకూ సొంత మాంసాహార వంటలున్నాయి. అయినా అదే సర్వేలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో మాంసాహారులు 98 శాతం పైచిలుకు తేలారు కాబట్టి, మన కంటికి గుజరాత్ పూర్తి శాకాహార దేశంలా కనిపించడంలో వింత లేదు.

థాలీ హోటల్‌కు అసలు పుట్టిల్లు బొంబాయి. 1850ల నుంచి నూలు మిల్లులు, పత్తి వ్యాపారం పెరిగేకొద్దీ సూరత్, కాఠియావాడ్, కచ్ ప్రాంతాల నుంచి గుమాస్తాలు, దళారులు, దుకాణదారులు తరలివచ్చారు. చాలామంది భార్యాబిడ్డల్ని ఊళ్లోనే వదిలి వచ్చినవాళ్లు. మాంసం వండిన చోట తినరు, వండుకునే వీలు లేదు. వాళ్ల కోసం కాల్బాదేవి, భులేశ్వర్ సందుల్లో 'వీశీ'లు వెలిశాయి. నెలకింత అని కట్టి రెండు పూటలా తినే మెస్సులివి. వంట బ్రాహ్మణుడిది. 'మహరాజ్' అని పిలిచే ఆ వంటవాడి చేతి తిండి ఏ కులంవాళ్లయినా తినవచ్చన్నది అప్పటి పట్టింపు. కొన్ని మెస్సులు సభ్యుల లెక్కన నడిచి 'క్లబ్' అని పేరు పెట్టుకున్నాయి. కాల్బాదేవిలోని ఫ్రెండ్స్ యూనియన్ జోషీ క్లబ్ పేరులో ఆ జ్ఞాపకం ఇంకా నిలిచి ఉంది. అదే పేటలో 1945లో మొదలైన శ్రీ ఠాకర్ భోజనాలయ్ మెస్సుకూ రెస్టారెంటుకూ మధ్య మెట్టు లాంటిది. 1946లో వచ్చిన చేతన, కాలా ఘోడా ప్రాంతంలో పుస్తకాల వ్యాపారాన్నీ శాకాహార భోజనాన్నీ ఒకచోట చేర్చింది. ఒంటరి గుమాస్తా కోసం పుట్టిన మెస్సు ఇలా ఇరవయ్యో శతాబ్దం నడిమికి కుటుంబంతో ఆదివారం పూట వెళ్లే చోటుగా మారింది. అప్పటిదాకా ఇంటి భోజనం దొరకనివాళ్లకు ఆసరాగా ఉన్నది, ఇంట్లో రోజూ కుదరనన్ని రకాలు ఒక్కపూట తినాలనుకునేవాళ్ల కోరికగా మారింది.

పళ్లెంలోని వంటకాల్లో ఢోక్లాకు పాత చరిత్ర ఉంది. 1520 నాటి 'వర్ణక సముచ్చయ' అనే గుజరాతీ గ్రంథంలో దాని ప్రస్తావన కనిపిస్తుంది. మన దగ్గర ఢోక్లా పేరిట అమ్మే పసుప్పచ్చని, స్పాంజి లాంటి ముక్క చాలాసార్లు ఢోక్లా కాదు, ఖమణ్. ఢోక్లాకు బియ్యం, శనగపప్పు నానబెట్టి రుబ్బి, ఇడ్లీ పిండిలా పులియబెట్టి, పళ్లెంలో పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. అది తెల్లగా, కొంచెం పుల్లగా, బరువుగా ఉంటుంది. ఖమణ్‌కు శనగపప్పే ఆధారం. ఈ రోజుల్లో హోటళ్లు శనగపిండిలో తినేసోడా కలిపి నిమిషాల్లో పొంగించి, పైన పంచదార నీళ్లు, ఆవాల తాలింపు పోస్తాయి. పాత్రాకైతే చేమాకుల మీద శనగపిండి, చింతపండు, బెల్లం ముద్ద పూసి, చాపలా చుట్టి, ఆవిరి మీద ఉడికించి, చక్రాలుగా కోసి తాలింపు పెడతారు.

పప్పు కందిపప్పే అయినా మన ముద్దపప్పుకు ఆమడ దూరం. మెత్తగా చిలికి, రసంలా పలచన చేసి, బెల్లం, కోకం లేదా నిమ్మరసం, అల్లం, పల్లీలు వేసి మరిగిస్తారు. ఈ తీపి ఎందుకని అడిగితే, అక్కడి నీళ్లు ఉప్పనివి, ఎండలు మెండు, అందుకని బెల్లం వేస్తారని సాధారణంగా చెబుతారు. ఇది నమ్మదగిన వివరణ కాదు. నీటిలో ఉప్పదనం తక్కువేమీ కాని కాఠియావాడ్‌లోనే వంట కారంగా, వెల్లుల్లి ఘాటుతో ఉంటుంది. సజ్జ రొట్టె, కాల్చిన వంకాయతో చేసే ఓళో, సేవ్-టమాటా కూర, ఎర్రని వెల్లుల్లి చట్నీ అక్కడి తిండి. తీపి పప్పును నీటికి అంటగట్టడం కంటే అహ్మదాబాద్, సూరత్ వైపు వ్యాపార కుటుంబాల రుచిగా చూడటం సబబు. హోటళ్లు ఆ రుచినే గుజరాత్ మొత్తానికి గుర్తుగా నిలబెట్టాయి. కాఠియావాడీ వంటకు తర్వాత హైవే ఢాబాల్లో వేరే గుర్తింపు వచ్చింది.

వడ్డన ఈ హోటల్‌కు ప్రాణం. అతిథిని ఇంకొంచెం తినమని బతిమాలడాన్ని గుజరాతీలో 'ఆగ్రహ్' అంటారు. తెలుగులో కోపానికి చెప్పే మాటే అక్కడ ప్రేమతో కూడిన బలవంతానికి పేరు. మనం కొసరి కొసరి వడ్డించడం అనేది ఇదే. పెళ్లి పంక్తుల్లోని ఈ మర్యాదను హోటల్ తన పద్ధతిగా మార్చుకుంది. రోట్లీలు తెచ్చే మనిషి ఒకచోట నిలబడడు. చేతిలో మూతపెట్టిన డబ్బా, అందులో నెయ్యి రాసిన వేడి పుల్కాలు, పలచగా, అరచేతికి కాస్త పెద్దగా. పళ్లెంలో ఒక్కటే వేసి, అది పూర్తవుతుండగా మళ్లీ వస్తాడు. నాలుగు ఒకేసారి వేస్తే మూడోది చల్లారిపోతుందని అతనికి తెలుసు. వద్దనాలంటే పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాలి, నోటితో చెబితే చాలదు. పెద్ద హోటళ్లలో పర్యవేక్షకుడు దూరం నుంచే వేళ్ల సైగలతో ఏ బల్లకు ఏం కావాలో చెబుతాడు. మహరాజ్‌లలో, వడ్డించేవాళ్లలో చాలామంది రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్లు. గుజరాతీ ఆతిథ్యమని మనం మెచ్చుకునేదాన్ని రోజూ నిలబెడుతున్నది పొట్టకూటికి ఇల్లు విడిచి వచ్చిన ఈ మనుషులే.

అహ్మదాబాద్‌లో ఈ సంప్రదాయం మరో దారి పట్టింది. 1978లో సురేంద్ర పటేల్ నగరం శివార్లలో విశాలా అనే హోటల్ తెరిచి, పల్లెటూరి వాతావరణంలో నేల మీద కూర్చోబెట్టి, ఆకు విస్తళ్లలో వడ్డించాడు. దాని పక్కనే 1981లో పాత్రల మ్యూజియం పెట్టాడు. 1924 నాటి మంగళదాస్ గిరిధర్‌దాస్ భవనం మేడ మీద నడిచే అగాశియే, థాలీని వారసత్వ సంపదగా చూపించింది. ముంబయిలో 1963లో మొదలైన స్వాతి స్నాక్స్ థాలీ జోలికి పోకుండా, అరిటాకుల మధ్య కాల్చిన పాన్కీ వంటి ఇంటి వంటల్ని విడిగా అమ్మి పేరు తెచ్చుకుంది. 1960లో ఏర్పడిన నాటి నుంచీ గుజరాత్‌లో మద్యనిషేధం ఉండటంతో అక్కడి హోటల్‌కు బార్ ఆదాయం లేదు. ఇంటిల్లిపాదీ వచ్చి తింటేనే బతుకు.

విదేశాలకు ఈ భోజనాన్ని మోసుకెళ్లిన ప్రధాన మార్గం తూర్పు ఆఫ్రికా. 1972లో నియంత ఈదీ అమీన్ ఉగాండా నుంచి గుజరాతీలతో సహా ఆసియావాసులను వెళ్లగొట్టినప్పుడు, తమ ఊరికి రావద్దని ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగరపాలక సంస్థ ఉగాండా పత్రికలో ప్రకటన వేసింది. అయినా వేలమంది అక్కడికే చేరారు. ఇవాళ ఆ ఊరికి పేరు తెస్తున్న బెల్‌గ్రేవ్ రోడ్డు మిఠాయి దుకాణాలు, శాకాహార హోటళ్లు చాలావరకు ఆ వలస ఫలమే. 1976లో తెరిచిన బాబీస్ వాటిలో పాతది. ఆఫ్రికాలో అలవాటైన కర్రపెండలం వేపుళ్లను 'మోగో' పేరుతో ఇంగ్లండ్ గుజరాతీ హోటళ్లు ఇప్పటికీ అమ్ముతాయి. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో, చెరకు తోటలకు వెళ్లిన తెలుగువారు స్థిరపడిన ఆ నగరంలోనే, డొల్ల చేసిన రొట్టెలో కూర నింపిన 'బన్నీ చౌ' పుట్టింది. బన్నీ అనేది గుజరాతీ 'బనియా' నుంచి వచ్చిందన్న వివరణ బాగా ప్రచారంలో ఉంది.

హైదరాబాద్‌లో కోఠీ, సుల్తాన్ బజార్ పరిసరాల్లో గుజరాతీ వ్యాపారులు తరతరాలుగా ఉన్నారు. కోఠీలో గుజరాతీ గల్లీయే ఉంది. మాల్స్ వచ్చాక ముంబయి థాలీ సంస్థలు ఇక్కడా శాఖలు పెట్టాయి. జైన భోజనం కావాలంటే ముందే చెప్పాలి. దుంపలు లేకుండా, ఆలుగడ్డ బదులు అరటికాయతో వండి పెడతారు. సూర్యాస్తమయం తర్వాత తినని వారికోసం కొన్నిచోట్ల సాయంత్రమే పొయ్యి వెలిగిస్తారు.

థాలీ ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఉత్తరాయణానికి, అంటే మన సంక్రాంతికి, సూరత్ వైపు ఉంధియూ చేస్తారు. కుండను తలకిందులుగా భూమిలో పాతి, పైన నిప్పు పెట్టి వండటం వల్ల ఆ పేరు వచ్చింది. లేత చిక్కుళ్లు, చిన్న వంకాయలు, ఊదా పెండలం, మెంతి ముఠియాలు కలిసిన ఆ కూర చలికాలం దాటితే అసలు రుచితో దొరకదు. వేసవిలో గిర్ ప్రాంతపు కేసర్ మామిడి రసంతో పూరీలు వడ్డిస్తారు. మొదటిసారి రుచి చూడాలనుకునేవారు జనవరిలోనో, మే నెలలోనో వెళ్లడం మంచిది.