జురాంగ్ దాకా వచ్చిన 51వ కీర్తన

సింగపూర్‌లో ఏడు చిన్న దీవుల మధ్య సముద్రాన్ని పూడ్చి కట్టిన జురాంగ్ ఐలాండ్ 2000 అక్టోబరు 14న లాంఛనంగా ప్రారంభమైంది. పెట్రోకెమికల్ పరిశ్రమల ఆ గడ్డ మీద పాసు లేనిదే అడుగు పెట్టనివ్వరు. అక్కడికి పనికెళ్లి, ఏజెంటు కోసం తెచ్చిన అప్పు తీరకముందే జీతం తాగుడుకో లాటరీకో తగలేసి, ఇంటికి ఫోన్ చేయడానికి ముఖం చెల్లని మనిషి బాధ వలస కుటుంబాలకు వేరే చెప్పాలా? అలాంటివాడికి తెలుగు క్రైస్తవ పెద్దలు గుర్తుచేసే వాక్యాల్లో 51వ కీర్తన ముందుంటుంది.

ఊరియా భార్య విషయంలో దావీదు చేసిన పాపాన్ని నాతాను ప్రవక్త నిలదీసిన సందర్భాన్ని ఆ కీర్తన శీర్షికే చెబుతుంది. పైగా అది ప్రధాన గాయకుడికి అప్పగించిన పాట. రాజు తప్పును దాచకుండా జనమంతా పాడుకునేలా నిలిపారు. పడిపోయినవాడికి తొలి ధైర్యం అక్కడే ఉందని నా నమ్మకం.

430లో వాండల్ సేనలు హిప్పో నగరాన్ని ముట్టడించినప్పుడు, మరణశయ్య మీదున్న ఆ ఊరి బిషప్ అగస్టీను పశ్చాత్తాప కీర్తనలు రాయించి గోడకు పెట్టించుకుని, చదువుకుంటూ ఏడ్చాడు. ఆరో శతాబ్దికి కసియోదోరు రచనలో అవి, 51వ కీర్తనతో కలిపి, ఏడుగా లెక్కకొచ్చాయి. 1517లో లూథర్ ఆ ఏడింటినీ వ్యాఖ్యతో జర్మన్‌లో అచ్చువేయించాడు. లాటిన్ రాని మనిషి తన ఒప్పుకోలును తన మాటల్లోనే చదువుకోగలిగాడు.

తెలుగుకు ఆ భాగ్యం ఆలస్యంగా దక్కింది. మద్రాసులో మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1732 నాటికి చేసిన బైబిలు అనువాదం అచ్చుకే నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన మిషనరీ డెగ్రాంజెస్, ఆనందరాయరు సాయంతో తెలుగు చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. గురువును ఎరుగనని బొంకి, వెక్కి వెక్కి ఏడ్చిన పేతురు కథ ఆ సువార్తలతో తెలుగు అచ్చుకెక్కింది.

చదువు రానివాళ్ల మాటేమిటి? 1878 జులై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అక్షరం వచ్చినవాళ్లు బహు కొద్దిమంది. అలాంటివాళ్లకు లేఖనం పాటగా చేరింది. పురుషోత్తమ చౌధరి (1803–1890) పశ్చాత్తాప కీర్తనలు సంఘాల్లో నోటికి నోటికి పాకాయి. పుస్తకం తెరవలేని కూలీకి కూడా తన తప్పు దేవుడి ముందు చెప్పుకునే మాటలు దొరికాయి. తెలుగు సంఘ చరిత్రలో ఇంతకన్నా గొప్ప మేలు నాకు కనబడదు.

ఆ కంఠస్థ సంప్రదాయం జురాంగ్‌లో ఇప్పటికీ అక్కరకొస్తుంది. డార్మిటరీలో ఫోన్‌లోనే బైబిలు ఉంటుంది గానీ, మండే వాయువులుండే యూనిట్లలోకి మామూలు ఫోన్ తీసుకెళ్లనివ్వరు. షిఫ్టు నడిచినంతసేపూ నోటికొచ్చిన కీర్తనే తోడు.

చాలామంది ఆ కీర్తనలో క్షమాపణ దగ్గరే ఆగిపోతారు. దావీదు ఇంకా ముందుకెళ్లి, తనలా దారి తప్పినవాళ్లకు దేవుడి త్రోవ నేర్పుతానని మాట ఇస్తాడు. పేతురుకూ గొర్రెలను మేపే బాధ్యత తిరిగి దక్కింది. అందుకే, తాగుడు మానుకున్న సీనియర్ ఒకడు కొత్తగా దిగిన కుర్రాడి పక్కన కూర్చుని, ముందు ఈ నెల డబ్బు ఇంటికి పంపమని చెబితే, ఆ కీర్తన అక్కడ పూర్తిగా చదివినట్టే.