పెంకు మీద పేరు, తెర మీద వేలు

ఫిబ్రవరి 9 ఫేస్‌బుక్ లైక్ బటన్ పుట్టినరోజు. 2009లో ఆ రోజు పైకెత్తిన బొటనవేలి మీద ఇప్పటికే చాలా రాశారు. నచ్చలేదని చెప్పే వేలి కథ అంతకంటే పాతది, మనకు ఎక్కువ అవసరమైనది కూడా. కాదనే హక్కు జనానికి ఉండి తీరాలి, కానీ దానికో ప్రశ్న, గడువు, హద్దు ఉండాలి. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలోనే ఏథెన్స్ వాసులు దీన్ని ఆచరణలో పెట్టి చూశారు.

నగరం నుంచి ఎవరినైనా పంపించెయ్యాలా అని అక్కడ ఏటా ఒకసారి సభలో అడిగేవారు. అవునంటే ఓటింగు వెంటనే కాదు, సుమారు రెండు నెలల తర్వాత. కోపం చల్లారడానికి అంత వ్యవధి. ఆ రోజున ప్రతి పౌరుడూ పగిలిన కుండ పెంకు మీద ఒక పేరు గీరి తెచ్చి వేసేవాడు. ప్రాచీన రచయిత ప్లుటార్క్ చెప్పిన ప్రకారం మొత్తం 6,000 పెంకులు పడితేనే లెక్క. ఎక్కువ పెంకుల మీద పేరున్నవాడు 10 రోజుల్లో ఊరు విడవాలి, 10 ఏళ్లు తిరిగి రాకూడదు. అయితే అతని ఆస్తి జోలికి ఎవరూ వెళ్లరు. ఏథెన్స్‌లోని కెరమైకోస్ తవ్వకాల్లో ఇలాంటి పెంకులు 8,000కు పైగా దొరికాయి. కొన్నిటి మీద పేరొక్కటే కాదు, కడుపులోని ఉక్రోషం కూడా ఉంది. మెగక్లీస్ అనే నాయకుడి పేరు పక్కన గుర్రాలు పెంచేవాడని దెప్పిపొడిచారు. కిమోన్‌ను తన తోబుట్టువు ఎల్పినికెను వెంటబెట్టుకుని మరీ పొమ్మన్నారు. అన్నిటికంటే విలువైన పెంకులు మాత్రం 1937లో అక్రోపొలిస్ ఉత్తరపు వాలున ఒక బావిలో బయటపడ్డాయి. మరో నాయకుడు థెమిస్టొక్లీస్ పేరున్న పెంకులు 190 ఉంటే, చేతిరాతలు పద్నాలుగే. రాయడం రానివారికి సాయంగా ముందే గీరి ఉంచారని అనుకోవచ్చు. సాయమే అయినా అన్నిటి మీదా ఒకే పేరెందుకు? మూకుమ్మడి డిస్‌లైకులకు ఇంతకంటే పాత సాక్ష్యం నాకు తెలియదు.

అలాంటి దురుపయోగమే ఆ పద్ధతిని చంపింది కదా అనవచ్చు. నిజమే. క్రీస్తుపూర్వం 416 ప్రాంతంలో నికియాస్, ఆల్కిబియాడీస్ వర్గాలు ఏకమై హైపర్బొలస్‌ను సాగనంపాక మళ్లీ పెంకులు పడలేదు. కానీ అంతకుముందు సుమారు 70 ఏళ్లు అది నిలబడిందంటే ఆ హద్దుల వల్లనే. అక్కడినుంచి ఒక్క అంగలో మన కాలానికి రావచ్చు. మధ్యలో రోమ్ దగ్గర ఆగనక్కర్లేదు: గ్లాడియేటర్ల పోరులో రోమన్ ప్రేక్షకులు వేలు కిందికి తిప్పి చంపమనేవారన్న నమ్మకం 1872లో చిత్రకారుడు జెరోమ్ వేసిన బొమ్మ వల్ల పాతుకుపోయిందే తప్ప, వారు వేలు ఎటు తిప్పేవారో నేటికీ తేలలేదు.

యూట్యూబ్ 2010లో అయిదు నక్షత్రాలు తీసేసి రెండు వేళ్లు పెట్టింది. నక్షత్రాలిచ్చేవారు ఎక్కువగా అయిదూ ఇచ్చేస్తుండటమే కారణం. కానీ కొత్త వేలు దేనికి జవాబో ఎవరూ చెప్పలేదు. 2020 ఆగస్టులో హిందీ సినిమా 'సడక్ 2' ట్రైలర్‌కు కోటికి పైగా డిస్‌లైకులు పడ్డాయి. అవి ఆ ట్రైలర్‌కు వేసిన మార్కులు కావు, ఒక నటుడి మరణంపై రగిలిన ఆగ్రహం. చివరికి 2021 నవంబరులో యూట్యూబ్ డిస్‌లైక్ లెక్కను జనానికి కనపడకుండా చేసింది. చిన్న చానళ్ల మీద దాడులు తగ్గించడానికేనంది. ఆ బాధ నిజమైనదే, తేలిగ్గా తీసెయ్యకూడదు. కానీ దానికి మూల్యం ఎవరు చెల్లించారు? బోరు మోటారు స్టార్టర్‌కు వైర్లు ఎలా కలపాలో వీడియోలో చూసే రైతుకు, ఇది తప్పు అని ముందే చెప్పే అంకె ఇప్పుడు లేదు. వీడియో పెట్టినవాడికి మాత్రం అది కనిపిస్తూనే ఉంది.

దాచడం తప్ప దారి లేదన్న వాదన నిలవదు. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒక జవాబును ఓటుతో కిందికి దించాలంటే ముందుగా 125 పాయింట్లు సంపాదించి ఉండాలి. దించిన ప్రతిసారీ జవాబు రాసినవారికి రెండు పాయింట్లు పోతాయి, దించినవారికి ఒకటి.