మొల్ల

మల్లిక అనే అమ్మాయిలు వీధికొకరు కనిపిస్తారు. మొల్ల మాత్రం అరుదు. మొల్ల కూడా మల్లె జాతి పువ్వే, సంస్కృతంలో కుందం. కావ్యాల్లో నాయికల పలువరుసను పోల్చేది ఈ మొగ్గలతోనే. తమిళుల ముల్లై, మలయాళీల ముల్ల దీనికి తోబుట్టువులు. సంగం కవులైతే అడవి సీమకే ముల్లై అని పేరు పెట్టుకున్నారు.

మనకు మొల్ల అనగానే గుర్తొచ్చేది ఆతుకూరి కేసన కూతురు, రామాయణం రాసిన కవయిత్రి. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద ఆమె విగ్రహముంది. 1970లో వాణిశ్రీ నాయికగా ‘కథానాయిక మొల్ల’ సినిమా వచ్చింది. అయినా ఉయ్యాలలో పాపకు ఈ పేరు పెట్టేవాళ్లు తక్కువే. చివర ‘ఇక’, ‘ఇత’ లేకపోతే పాతకాలపు పేరనుకుంటాం కాబోలు. నాకైతే ఆ ఒత్తు లకారమే ముద్దొస్తుంది. పిలిచేటప్పుడు నాలుక దాని మీద కాసేపు నిలుస్తుంది.